షీరాజు గుఱ్ఱాల వర్తకుడు – మన బెంగుళూరు

ఉగాది సంచికకు ఏదైనా వ్రాసి యిమ్మని సంఘం కార్యదర్శిగారు అడిగినప్పుడు నేను వెనుకాడినాను. నేను పండితుణ్ణి కాను. చరిత్రకారుణ్ణి అంతకన్నా కాను. మెట్రిక్ పాసై రైల్వేలో గుమాస్తా పని చేసుకుంటున్నవాణ్ణి. పార్సెలు రసీదులు వ్రాసే చేతికి వ్యాసం వ్రాయడం అలవాటు లేదు. అయినా గుంతకల్లు నుండి బదిలీమీద యీ వూరికి వచ్చిననాటి నుండి నన్ను వదలని ప్రశ్న ఒకటి వున్నది. దానికి సమాధానం వెదుక్కుంటూ నలుగురినీ అడిగి, నాలుగు పుస్తకాలు తిరగవేసి తెలుసుకొన్న సంగతులే యిక్కడ మనవి చేసుకుంటున్నాను. తప్పులుంటే పెద్దలు మన్నింతురు గాక.

ఆ ప్రశ్న యిది: పరాయి వూరు ఎప్పుడు మన వూరవుతుంది?

బెంగుళూరులో అద్దె యింటికోసం తిరిగిన ప్రతి తెలుగువాడూ “నిమ్దు యావ ఊరు?” అనే మాట విని వుంటాడు. ఆ మాటలో చెడు ఏమీ లేదు. మన పల్లెల్లోనూ కొత్తవాడు కనబడితే మొదట అడిగేది అదే. నేను యిక్కడికి వచ్చి పదేండ్లు దాటినది. యిప్పటికీ నోటికి గుంతకల్లనే వస్తుంది. మా అమ్మాయి మాత్రం ఆలోచించకుండా “బెంగళూరు” అంటుంది. అది పుట్టినది యిక్కడే, బడికి పోతున్నది యిక్కడే. ఒకే యింట్లో, ఒకే కంచంలో తినేవాళ్లకు రెండు వూళ్లా అని నాకు అప్పుడప్పుడు తోస్తూ వుంటుంది.

కంటోన్మెంటు స్టేషను నుండి శివాజీనగరం వైపు పోయేటప్పుడు ఇన్‌ఫెంట్రీ రోడ్డుకు, కన్నింగ్‌హామ్ రోడ్డుకు నడుమ ఒక దారి తగులుతుంది. దాని పేరు అలీ అస్కర్ రోడ్డు. ఆ పలక క్రిందుగా ఎన్నిసార్లు నడిచినానో లెక్కలేదు. ఎవరో నవాబు అనుకొన్నాను. ఒకనాడు మా ఆఫీసులోని ఒక పెద్దాయనను అడిగినాను. “నవాబూ కాదు, గివాబూ కాదు నాయనా! గుఱ్ఱాలు అమ్ముకోవడానికి వచ్చిన పరదేశి. నీవు గుంతకల్లునుంచి వచ్చినట్లే ఆయన ఇరాను నుంచి వచ్చినాడు” అన్నారు. ఆనాటి నుండి ఆ మనిషి కథ తెలుసుకోవాలని నాకు పట్టుదల కలిగినది.

దక్షిణదేశం – గుఱ్ఱాలు

మన దక్షిణదేశంలో ఏనుగులు పుట్టినవి, వజ్రాలు దొరికినవి. కాని మేలుజాతి యుద్ధాశ్వం యిక్కడి నేలకు రాలేదు. ఇక్కడి గాలికి, మేతకు ఆ జాతి నిలవడం కష్టం. అందుచేత వందల యేండ్లుగా మన రాజులు గుఱ్ఱాలకోసం సముద్రం వైపు చూస్తూ వుండేవారు. అరబ్బు దేశాలనుండి, పారశీక దేశం నుండి ఓడలమీద గుఱ్ఱాలు రావలసినదే. వాటితోబాటు వాటిని అమ్మేవారు, సాకేవారు, వైద్యం చేసేవారు కూడా వచ్చేవారు.

శ్రీకృష్ణదేవరాయలవారు ఆముక్తమాల్యదలో రాజనీతి చెప్పేచోట యీ సంగతి మరువలేదు. రేవులను బాగుచేసి, గుఱ్ఱాలూ ఏనుగులూ తెచ్చే దూరదేశపు వర్తకులను ఆదరించవలెననీ, లేకపోతే ఆ గుఱ్ఱాలు శత్రువుల పాలవుతాయనీ ఆ భాగంలో తెలియజేసినారు. అంతకు ముందే, 1244లో, కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం మనకందరికీ తెలిసినదే. ఆ రేవు నేటి బాపట్ల జిల్లాలో వున్నది. పూర్వం గాలివానకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొనివస్తే ఆ సరుకంతా రాజులు లాగుకొనేవారు. ఇకమీదట అట్లా జరగదనీ, న్యాయమైన సుంకం తప్ప వేరేమీ తీసుకోమనీ గణపతిదేవుడు రాతిమీద చెక్కించినాడు. పరదేశికి అభయం యివ్వడం దయతోబాటు తెలివి కూడా అని మన పూర్వులు గ్రహించినారన్నమాట.

అయితే వచ్చిన పరదేశులందరూ ఒక్క తీరువారు కారు. మా రాయలసీమవారికి గండికోట కథ తెలుసును. ఇరానులోని అర్దెస్తాన్‌కు చెందిన మహమ్మద్ సయ్యద్ అనే ఆయన ఒక వర్తకుని కొలువులో గోల్కొండ రాజ్యానికి వచ్చినాడు. వజ్రాల వ్యాపారంలో కోట్లు గడించి, మీర్ జుమ్లా అనే పదవీనామంతో ప్రసిద్ధుడై, 1650 ప్రాంతంలో గండికోటను పట్టినాడు. తరువాత గోల్కొండ సుల్తానుతో చెడి, మొగలాయిల పక్షం చేరి, సంపాదించినదంతా వెంట తీసుకొని వెళ్లిపోయినాడు. 1663లో ఎక్కడో తూర్పుదేశంలో చనిపోయినాడు. అంత గొప్పవాడు గాని, మన వూళ్లలో ఆయనను మనవాడు అనుకొన్నవారు లేరు.

నేను చెప్పబోయేది అదే ఇరాను నుండి రెండు వందల యేండ్ల తరువాత వచ్చిన మరొకరి సంగతి.

పదహారేండ్ల కుఱ్ఱవాడు

ఆగా అలీ అస్కర్ 1808లో ఇరానులోని షీరాజు నగరంలో జన్మించినారు. తోటలకు, గులాబీలకు, కవులకు పేరుపడిన వూరది. సాదీ, హాఫిజు అనే మహాకవుల సమాధులు అక్కడనే వున్నవి. అటువంటి వూరు విడిచి, పదహారేండ్ల ప్రాయంలో, 1824లో, సోదరులతో కలిసి గుఱ్ఱాలను తీసుకొని ఆయన బెంగుళూరు చేరినారు.

రైల్వే గుమాస్తాను గనుక నా బుద్ధి వెంటనే రవాణా మీదికి పోతుంది. మనదేశంలో మొదటి పాసెంజరు రైలు బొంబాయి – ఠాణాల నడుమ నడిచినది 1853లో. జోలార్‌పేట నుండి బెంగుళూరు కంటోన్మెంటుకు రైలు వచ్చినది 1864లో. అంటే యీ కుఱ్ఱవాడు వచ్చిన నలబై యేండ్లకు గాని యిక్కడ ఇంజను కూత వినబడలేదు. సముద్రం దాటి వచ్చిన గుఱ్ఱాలు రేవునుండి మూడువేల అడుగుల యెత్తున వున్న యీ పీఠభూమి మీదికి కాళ్లతో నడిచి రావలసినదే. బియ్యం బస్తా నెల్లాళ్లు గోడౌనులో పడివున్నా యజమానికి ఖర్చు లేదు. గుఱ్ఱం అట్లా కాదు. అమ్ముడుపోయినా, పోకపోయినా పూటపూటకూ దాణా కావాలి, నీళ్లు కావాలి, మాలీసు కావాలి. దారిలో ఒకటి కుంటిదైతే లాభంలో సగం పోయినట్లే. ఒకటి జబ్బుపడితే మిగతావాటికి అంటుకొంటుందేమోనని గుండె దడ. మా రైల్వే టారిఫ్ పుస్తకంలో గుఱ్ఱాలకు ప్రత్యేకమైన నిబంధనలు ఎందుకు వ్రాసినారో యీ కథ చదివిన తరువాత నాకు బాగా అర్థమైనది.

మరి బెంగుళూరే ఎందుకు? 1799లో శ్రీరంగపట్నం పడిపోయి టిప్పు సుల్తాను మరణించిన తరువాత, ఇంగ్లీషువారు మైసూరు రాజ్యాన్ని ఒడయరు వంశానికి అప్పగించి, 1809లో బెంగుళూరు పేటకు తూర్పుగా హలసూరు దగ్గర దండు నెలకొల్పినారు. పాతవారు యిప్పటికీ కంటోన్మెంటును దండు అనే అంటారు. దండు అంటే సిపాయిలు, దొరలు, రౌతులు, రౌతులంటే గుఱ్ఱాలు. అటు మైసూరులో ముమ్మడి కృష్ణరాజ ఒడయరు మహారాజావారి లాయాలు. రెండు వైపులా గిరాకీ వున్న చోటు. అలీ అస్కర్ మహారాజావారికీ గుఱ్ఱాలు అమ్మినారు, దొరలకూ అమ్మినారు.

గుఱ్ఱాల వ్యాపారంలో సరుకు కన్న మాట ముఖ్యం. పండ్లు చూసి వయస్సు చెప్పవచ్చును. కాని లోపలి రోగం, చెడ్డ గుణం కొన్నవారికి నెల తిరిగిన తరువాతనే తెలుస్తుంది. మోసం చేసినవాడు ఒక్క ఏడాది లాభపడతాడు, మరుసటి ఏడాది ఆ దండులో వానివద్ద కొనేవారుండరు. ఆయన ఆ వూరిలోనే స్థిరపడి, వృద్ధుడై, 1891లో తన 83వ యేట కన్నుమూసినారు. అంటే అరవై యేడేండ్లు ఒకే వూరి ముఖం చూస్తూ వర్తకం చేసినారన్నమాట. ఇంతకన్న వేరే యోగ్యతాపత్రం అక్కరలేదు.

కబ్బన్ దొర స్నేహం

1831లో ఇంగ్లీషువారు మైసూరు పరిపాలనను మహారాజావారి చేతినుండి తీసుకొని కమీషనర్లను నియమించినారు. పరిపాలన కేంద్రం మైసూరు నుండి బెంగుళూరుకు మారినది. 1834 నుండి 1861 వరకు కమీషనరుగా వున్నది సర్ మార్క్ కబ్బన్. మనం పిల్లలను ఆదివారం తీసుకొనిపోయే కబ్బన్ పార్కు ఆయన పేరిటిదే. ఈ దొర పెండ్లి చేసుకోలేదు. 1800లో చిన్నవాడుగా హిందూదేశం వచ్చి, అరవై యేండ్లు యిక్కడనే గడిపి, ఆరోగ్యం చెడి స్వదేశానికి బయలుదేరి, దారిలో సూయజ్ దగ్గర 1861లో చనిపోయినారు. ఆయనకు అరబ్బీ గుఱ్ఱాలంటే ప్రాణం. గుఱ్ఱాల మూలంగానే షీరాజు వర్తకునితో పరిచయం, తరువాత స్నేహం.

కబ్బన్ దొర విగ్రహం కూడా గుఱ్ఱంమీద కూర్చున్నదే. 1866లో ఆవిష్కరించిన ఆ విగ్రహం చాలాకాలం హైకోర్టు ముందర వుండి, 2020లో పార్కు లోపలికి మారినది. పిల్లలు దాని దగ్గర నిలబడి ఫోటోలు తీయించుకొంటారు. పైన కూర్చున్నవారి పేరు అందరికీ తెలుసు. ఆ రోజుల్లో గుఱ్ఱాన్ని తెచ్చినవారి పేరు ఒక చిన్న రోడ్డు పలకమీద మాత్రం వున్నది.

కాలం మారేకొద్దీ గుఱ్ఱాల వర్తకమూ మారినది. ఆస్ట్రేలియా నుండి “వేలర్” అనే జాతి గుఱ్ఱాలు ఓడలమీద మద్రాసుకు రావడం మొదలై సైన్యంలో వాటికి గిరాకీ పెరిగినది. తెలివైన వర్తకుడు ఒకే సరుకును నమ్ముకొని కూర్చోడు. అలీ అస్కర్ యిండ్లు కట్టే పనిలో ప్రవేశించినారు. దీనికి కబ్బన్ దొర ప్రోత్సాహం వున్నది. దండులో దొరలు నాలుగేండ్లకొకసారి మారుతూ వుంటారు. వారికి సొంత యిల్లు అక్కరలేదు, మంచి అద్దె యిల్లు కావాలి. బదిలీ వుద్యోగికి యిల్లు దొరకడం యెంత కష్టమో మనకు తెలియనిదా! ఆ అవసరాన్ని గ్రహించి ఆయన బంగళాలు కట్టించడం మొదలుపెట్టినారు. మొత్తంమీద సుమారు నూరు బంగళాలు కట్టించినారని ప్రతీతి.

ఆ కాలపు కంటోన్మెంటు బంగళాల తీరు మీరు యిప్పటికీ రిచ్‌మండ్ టౌనులో, బెన్సన్ టౌనులో అక్కడక్కడ చూడవచ్చును. నడుమ యిల్లు, చుట్టూ పెద్ద కాంపౌండు, మామిడి చెట్లు, ముందు వసారా, కిటికీలమీద కొయ్యతో అల్లిన కొసతేరిన చూరు. దానిని “మంకీ టాప్” అంటారు. ఎండా వానా లోపలికి రావు, గాలి మాత్రం వస్తుంది. ఒక్కొక్కటే కూలిపోయి, వాటి స్థానంలో పది అంతస్తుల మేడలు లేస్తున్నవి. నాకు ముచ్చట కలిగించే విషయం వేరే వున్నది. ఆ బంగళాలలో ఒక్కటీ ఇరాను పద్ధతిలో లేదు. షీరాజునుండి వచ్చిన మనిషి యీ వూరి ఎండకు, యీ వూరి వానకు తగినట్లు, యిక్కడ వుండబోయేవారి అలవాట్లకు తగినట్లు కట్టించినారు. ఇక్కడి రాయి, యిక్కడి కలప, యిక్కడి మేస్త్రీలు, యిక్కడి కూలీలు. వాళ్లలో తమిళులూ తెలుగువారూ కూడా లేకపోలేదు గదా! దండు వున్నచోటికల్లా మనవాళ్లు పనికోసం వచ్చినవారే.

తనవారికోసం

ఇట్లా అందరికోసం కట్టినవారు తనవారిని మరచిపోయినారా? లేదు.

అలీ అస్కర్ షియా ముసల్మాను. బెంగుళూరు ముసల్మానులలో ఎక్కువమంది సున్నీలు, షియాలు కొద్దిమంది. అందులో ఇరాను నుండి వచ్చినవారు మరీ కొద్దిమంది. పరదేశంలో కొద్దిమందిగా వుండేవారికి మూడు చోట్లు కావాలి: దేవుణ్ణి తలచుకోవడానికి ఒకటి, నలుగురు కూడి ఏడవడానికీ నవ్వడానికీ ఒకటి, చనిపోయిన తమవారిని సాగనంపడానికి ఒకటి. అవి లేకపోతే యెంత డబ్బున్నా మనిషి సత్రంలో దిగినవానితో సమానమే.

రిచ్‌మండ్ టౌనులో హోసూరు రోడ్డు పక్కన జాన్సన్ మార్కెట్టు వున్నది. 1929లో యేర్పడిన ఆ మార్కెట్టు ప్రాంతంలోనే ఒకప్పుడు అలీ అస్కర్ గుఱ్ఱపు లాయాలుండేవి. ఆ ప్రదేశానికి “అరబ్ లైన్స్” అనే పేరు అందువల్లనే వచ్చినదంటారు. మార్కెట్టు పక్కనే “మసీదె అస్కరీ” అనే షియా మసీదు వున్నది. అలీ అస్కర్ కుటుంబపు దానంతో అది వెలసినది. నేటికీ బెంగుళూరు షియాలకు ఆ చుట్టుపట్లే కేంద్రం. మొహర్రం దినాలలో నల్లబట్టలు ధరించి అక్కడ కూడి, కర్బలాలో ప్రాణాలర్పించిన హుస్సేన్‌గారిని తలచుకొని దుఃఖిస్తారు.

మొహర్రం అంటే మనకు కొత్త కాదు. అది మన పీర్ల పండుగ. మా అనంతపురం జిల్లా నార్పల దగ్గర గూగూడులో కుళ్లాయిస్వామి పీరు లేచినప్పుడు హిందువులూ ముసల్మానులూ లక్షల సంఖ్యలో పోయి అగ్నిగుండం దగ్గర మొక్కుకొంటారు. మా నాయనమ్మ నన్ను చంకనెత్తుకొని తీసుకొనిపోయి చక్కెర చదివించిన జ్ఞాపకం. అందుచేత ఒక మొహర్రంనాడు జాన్సన్ మార్కెట్టు దగ్గర ఆ నల్లబట్టల ఊరేగింపు చూసినప్పుడు నాకు పరాయిగా అనిపించలేదు. మనదానిలో డప్పులున్నవి, వేడుక వున్నది. వారిదానిలో దుఃఖం వున్నది. కాని తలచుకొనేది ఒక్కరినే.

కంటోన్మెంటులో యిటువంటి వర్తకుడు అలీ అస్కర్ ఒక్కరే కారు. తరువాతి తరంలో కచ్ఛీ మెమను వంశానికి చెందిన హాజీ సర్ ఇస్మాయిల్ సేట్‌గారిని కూడా చెప్పుకోవాలి. ఆయన ఫ్రేజర్ టౌనులో మసీదు కట్టించినారు. అంతేగాక ఘోషా పాటించే స్త్రీలు పురుష వైద్యులున్న ఆసుపత్రులకు పోలేక అల్లాడుతున్నారని శివాజీనగరంలో ఘోషా ఆసుపత్రిని 1925లో నెలకొల్పినారు. విశాఖపట్నం వారికి అక్కడి ఘోషాసుపత్రి గుర్తుకు వస్తుంది. తన మతంవారి కష్టం చూసి కట్టిన ఆసుపత్రి నేడు ప్రభుత్వ ఆసుపత్రియై అన్ని మతాల తల్లులకూ పురుడు పోస్తున్నది. మన సంఘసభ్యుల యిండ్లలోని పిల్లలలో కొందరు అక్కడ పుట్టినవారే.

మనుమడు

అలీ అస్కర్ చనిపోయేనాటికి ఆయన మనుమడొకడు ఎనిమిదేండ్ల బాలుడు. 1883లో పుట్టిన ఆ బాలుడే తరువాత సర్ మీర్జా ఇస్మాయిల్. నాలుగవ కృష్ణరాజ ఒడయరు చిన్నతనంలో ఆయనతో కలిసి చదువుకోవడానికి ఎంపిక చేసిన పిల్లలలో యీ మీర్జా ఒకరు. బెంగుళూరు సెంట్రల్ కాలేజీలో పట్టం పుచ్చుకొని, మహారాజావారికి ఆంతరంగిక కార్యదర్శిగా పనిచేసి, 1926 నుండి 1941 వరకు మైసూరు దివానుగా వున్నారు.

ఒక్కసారి ఆలోచించండి. గుఱ్ఱాలు తోలుకొని వచ్చిన పరదేశి మనుమడు, హిందువులు అధిక సంఖ్యాకులైన సంస్థానానికి దివాను! కృష్ణరాజసాగరం ఆనకట్టకు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు యెంతో శ్రమించినారు. ఆ మహనీయుని పూర్వీకులు గిద్దలూరు సీమలోని మోక్షగుండం నుండి వలస వచ్చినవారని మనం గర్వంగా చెప్పుకొంటాము. ఆ ఆనకట్ట క్రింద బృందావనం తోటలు వేయించినది మీర్జా ఇస్మాయిల్. ఆంధ్రదేశం నుండి వచ్చిన వంశమొకటి నీళ్లు నిలబెట్టినది, తోటల వూరైన షీరాజు నుండి వచ్చిన వంశమొకటి ఆ నీళ్లతో తోట పెంచినది. చుట్టాలు వస్తే మనం మైసూరు తీసుకొనిపోయి చూపించేది అదే. మండ్యలో చక్కెర మిల్లు, భద్రావతిలో కాగితపు మిల్లు ఆయన హయాములోనివే. 1940లో వాల్‌చంద్ హీరాచంద్ విమానాల కర్మాగారం పెట్టదలచినప్పుడు బెంగుళూరులో చోటిచ్చి మైసూరు ప్రభుత్వం అందులో పాలు పంచుకొన్నదీ ఆయన దివానుగిరిలోనే. మన సంఘంలో ఎన్ని కుటుంబాలు ఆ హెచ్. ఏ. ఎల్. జీతంమీద పెరిగినవో లెక్కవేసుకోండి.

అంతా పూలబాటేనని చెప్పడం లేదు. 1928లో బెంగుళూరు సుల్తాన్‌పేటలోని ఒక బడి దగ్గర వినాయక విగ్రహం విషయంలో తగవు పుట్టి, హిందూ ముసల్మానుల నడుమ అల్లర్లు చెలరేగినవి. ముసల్మాను దివాను గనుక అనుమానాలు ఆయనవైపు మళ్లినవి. విచారణ సంఘానికి అధ్యక్షులుగా విశ్వేశ్వరయ్యగారిని నియమించినారు. వంద యేండ్లకు పైగా వూరిలో వేళ్లూనిన కుటుంబానికి కూడా కష్టకాలంలో “నీవు ఎవరివాడవు?” అనే ప్రశ్న తప్పలేదు. ఇది చదివినప్పుడు నా మనస్సు కలుక్కుమన్నది. అయితే ఆయన అలిగి వెళ్లిపోలేదు. ఆ తరువాత పదమూడేండ్లు అదే పదవిలో వుండి అదే వూరికి పనిచేసినారు.

ఆ ప్రశ్న ఆయనను మరొక దిక్కునుండి కూడా ఎదుర్కొన్నది. 1946లో ఆయన హైదరాబాదు నిజాముకు ప్రధానమంత్రిగా వెళ్లినారు. అప్పటి తెలంగాణము పరిస్థితి పెద్దలకు తెలుసును. హిందూదేశంతో సామరస్యంగా వుండడమే హైదరాబాదుకు క్షేమమని ఆయన అభిప్రాయం. కాని ఇత్తెహాదుల్ ముస్లిమీన్ సంస్థ ఆయనను తీవ్రంగా వ్యతిరేకించినది. అంటే బెంగుళూరులో కొందరు “వాడు ముసల్మానుల పక్షం” అన్నారు, హైదరాబాదులో కొందరు “వాడు ముసల్మానుల పక్షం కాదు” అన్నారు. ఏడాది తిరగకముందే, 1947లో, ఆయన పదవి విడిచినారు. మరుసటి సంవత్సరం సెప్టెంబరులో పోలీసు చర్య జరిగినది. ఆయన మాట చెల్లివుంటే ఆ రక్తపాతంలో కొంతైనా తప్పేదేమోనని నాకు అనిపిస్తుంది.

హైదరాబాదు విడిచి ఆయన చేరినది ఎక్కడికి? షీరాజుకు కాదు. బెంగుళూరుకే. 1954లో తన ప్రజాజీవితం గూర్చి ఇంగ్లీషులో గ్రంథం ప్రకటించి, 1959 జనవరిలో యీ వూరిలోనే కన్నుమూసినారు. తాత అడుగుపెట్టిన 135 యేండ్లకు మనుమడు అదే మట్టిలో కలిసినారు.

మన సంగతి

ఇక నా ప్రశ్నకు వస్తాను. పరాయి వూరు ఎప్పుడు మన వూరవుతుంది?

ఇన్నేండ్లు వుంటే అవుతుందని లెక్క ఏమీ కనబడదు. మీర్ జుమ్లా తెలుగుదేశంలో ఎన్నో యేండ్లు వున్నాడు, మూటకట్టుకొని పోయినాడు. భాష మరచిపోతే అవుతుందా? అలీ అస్కర్ తన మతాన్ని విడువలేదు, తనవారిని విడువలేదు. అట్లాగని తనవారి నాలుగు గోడల మధ్యనే వుండిపోలేదు. తనవారికి మసీదు, వూరివారికి యిండ్లు. రెండు చేతులతో రెండు పనులు చేసినారు. నాకు తెలిసినంతలో ఆ రెండవ చేతి పని వల్లనే ఆయన పేరు రోడ్డుమీదికి ఎక్కినది.

మన సంఘంలో యీ విషయంమీద రెండు అభిప్రాయాలున్నవి. మనం చందాలు పోగుచేసేది మనవారికోసం, ఆదివారం తెలుగు బడికి, ఉగాది వేడుకకు, కష్టంలో వున్న తెలుగు కుటుంబానికి మాత్రమే ఖర్చు చేయాలని కొందరంటారు. పేటలోని అందరికోసమూ ఏదైనా చేయాలని మరికొందరంటారు. గత సర్వసభ్య సమావేశంలో యీ సంగతిమీద గొంతులు కొంచెం పెరిగినవి కూడా. నేను అప్పుడు మొదటి పక్షాన చేయి యెత్తినవాణ్ణి. దాచవలసిన పని లేదు. మన దగ్గర వున్నదే కొద్ది, అందరికీ పంచితే మనకేమి మిగులుతుందని నా వాదం.

అలీ అస్కర్ కథ చదివిన తరువాత నా అభిప్రాయం మారినది. తెలుగు బడి మానుకోమని నేను అనను. అది మన మసీదె అస్కరీ వంటిది, అది లేకపోతే మనం సత్రంలో దిగినవారమే. కాని ఆ బడి గదిలో సాయంకాలం పూట పేటలోని కన్నడ, తమిళ, ఉర్దూ పిల్లలు కూడా కూర్చుని చదువుకొనేటట్లు ఒక దీపమూ, నాలుగు బల్లలూ వేయిస్తే మనకు పోయేదేమీ లేదు. ఖర్చు పెద్దది కాదు. అందుకు నా వంతుగా ఒక నెల ఓవర్‌టైము డబ్బు యిస్తానని యీ సంచిక మూలంగా మాట యిస్తున్నాను. సభ్యులు మరల ఆలోచింతురు గాక.

ఈ వూరు కూడా మనకు తక్కువ చేయలేదు. గణపతిదేవుడు మోటుపల్లిలో రాతిమీద వ్రాయించిన అభయం యిక్కడ ఎవరూ వ్రాయించలేదు గాని, అనుభవంలో దొరికినది. “నిమ్దు యావ ఊరు” అని అడిగిన యింటావిడే, నా భార్య పురిటి రోజుల్లో పదిహేను దినాలు రాగిజావ కాచి యిచ్చినది. ఆ ఋణం అద్దెతో తీరేది కాదు.

ఈ వ్యాసం వ్రాయడం ముగించిన సాయంకాలం డ్యూటీ దిగి, మా అమ్మాయిని వెంటబెట్టుకొని అలీ అస్కర్ రోడ్డు మీదుగా నడిచినాను. పలక చూపించి కథ అంతా చెప్పినాను. అది విని, “అయితే ఆయనది ఏ వూరు నాన్నా?” అని అడిగినది. షీరాజు అని చెప్పబోయి ఆగినాను.

“బెంగుళూరే అమ్మా” అన్నాను.

వేపపూవు చేదు, కొత్తబెల్లం తీపి ఒకే గిన్నెలో కలిపి తినే పండుగ యిది. పుట్టినవూరి బెంగ, వచ్చినవూరి ఆదరణ మనకు అట్లాగే కలిసివున్నవి. సంఘసభ్యులందరికీ, వారి కుటుంబాలకూ, మనకు నీడ యిచ్చిన యీ నగరానికీ నూతన సంవత్సరం శుభమగు గాక!